రోడ్డు ఖర్చు ఎవరు కట్టాలి?

వానలు వెలిశాయి. రోడ్డు నిండా గుంటలు. ఆటోలో కూర్చున్న చూలింతకు నడుము విరిగినంత పనవుతుంది. పాలక్యాను ఒలికిపోతుంది. గుంటలు పూడ్చాలంటే కంకర కావాలి, తారు కావాలి, కూలి ఇవ్వాలి. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

కొంత పెట్రోలు బంకు నుంచే వస్తుంది. మనం కొనే పెట్రోలు, డీజిలు ధరలో పన్నులు కలిసి ఉంటాయి. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రోడ్ల కోసమని లీటరుకు ఒక రూపాయి సెస్సు వేసింది. సెస్సు అంటే ఫలానా పని కోసమని చెప్పి వసూలు చేసే పన్ను. బండి లేనివాళ్లు కూడా ఇలాంటి పన్నులు కడుతూనే ఉంటారు. ఆటో చార్జీలో అవి ఉంటాయి. సంతకు వచ్చిన ఉల్లిపాయల ధరలోనూ ఉంటాయి.

ఇప్పుడు కరెంటు బండ్లు వచ్చాయి. ఇంట్లోనే చార్జింగు పెట్టుకోవచ్చు. పెట్రోలు పొయ్యనక్కర లేదు. పొగ రాదు. పెట్రోలు మీద వచ్చే పన్ను కూడా రాదు. బండి మాత్రం అదే రోడ్డు మీద తిరుగుతుంది.

ఈ చిక్కు అమెరికాలో ముందే వచ్చింది. అక్కడ ఓరెగాన్ రాష్ట్రం 1919లోనే రోడ్ల కోసం పెట్రోలు మీద పన్ను వేసింది. గ్యాలనుకు ఒక సెంటు. గ్యాలను అంటే సుమారు మూడు ముప్పావు లీటర్లు. డాలరులో నూరో వంతు సెంటు. తర్వాత మిగతా రాష్ట్రాలూ అదే దారి పట్టాయి. కేంద్ర ప్రభుత్వం కూడా గ్యాలనుకు 18.4 సెంట్లు తీసుకుంటుంది. 1993 నుంచి ఆ పన్ను పెరగలేదు. తారు ధర, కూలి రేట్లు మాత్రం పెరిగాయి. కాబట్టి రోడ్ల డబ్బు చాలకపోవడానికి తప్పంతా కరెంటు కార్లదే అనడం సరికాదు.

తెలుగువాళ్లు చాలామంది ఉండే టెక్సాస్ రాష్ట్రంలో 2023 సెప్టెంబరు 1న కొత్త రూలు వచ్చింది. కరెంటు కారుకు ఏటా రిజిస్ట్రేషనుతో పాటు 200 డాలర్లు అదనంగా కట్టాలి. కొత్త కారుకైతే మొదటి రెండేళ్లకు కలిపి 400 డాలర్లు. అక్కడ కాపురముంటున్న కూతురు ఈ సంగతి తల్లికి ఫోనులో చెప్పిందనుకుందాం.

"అంత ఎందుకే?" అంటుంది తల్లి.

"మేం పెట్రోలు కొనం కదమ్మా. రోడ్డు ఖర్చు ఇట్లా తీసుకుంటున్నారు."

"తీసుకోనీ. రోడ్డు వాడుకోవడం లేదా ఏం?"

"కట్టనని కాదమ్మా. పెట్రోలు కారువాళ్లు ఎంత కడుతున్నారో అది కూడా చూడాలి గదా!"

ఆ లెక్క చూద్దాం. ఒక పెట్రోలు కారు ఏడాదికి 12,000 మైళ్లు తిరిగింది. గ్యాలనుకు 30 మైళ్లు ఇస్తుంది. అంటే 400 గ్యాలన్లు తాగింది. టెక్సాస్ పన్ను గ్యాలనుకు 20 సెంట్లు. మొత్తం 80 డాలర్లు. కేంద్రం పన్ను కలిపినా 154 డాలర్లు దాటదు. కరెంటు కారుకేమో 200. కూతురి మాటలో న్యాయం ఉంది.

ఇంకో మెలిక కూడా ఉంది. వారానికి ఒకసారి కూరగాయలకు వెళ్లే ముసలావిడా 200 కట్టాలి, రోజంతా తిరిగే మనిషీ 200 కట్టాలి. పెట్రోలు పన్ను అట్లా కాదు. ఎంత తిరిగితే అంత. అందుకే ఓరెగాన్ 2015లో మైళ్ల లెక్కన కట్టే పద్ధతి మొదలుపెట్టింది. మొదట్లో ఇష్టమున్నవాళ్లే అందులో చేరారు. జార్జియా రాష్ట్రం అదే 2015లో ఏటా 200 డాలర్ల ఫీజు పెట్టింది. కరెంటు కారు కొన్నవారికి అంతకుముందు ఇచ్చే 5,000 డాలర్ల పన్ను రాయితీ కూడా ఎత్తేసింది. వెంటనే అక్కడ ఆ కార్ల అమ్మకాలు బాగా పడిపోయాయి.

మన దగ్గర దారి వేరు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో కరెంటు బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను ఫీజు మాఫీ చేసింది. 2026 డిసెంబరు 31 వరకు అని గడువు పెట్టింది. పొగ తగ్గాలంటే ఇట్లాంటి సాయం అవసరమే. కరెంటు స్కూటరు, ఆటో కొనుక్కునేవాళ్లకు అది మేలు. లక్షలు పోసి పెద్ద కారు కొనేవాళ్లకు కూడా అంతే మాఫీ ఎందుకని అడిగేవాళ్లూ ఉన్నారు. డీజిలు ఆటోలో మిరపకోతకు వెళ్లే కూలీకి ఏ మాఫీ లేదు మరి.

లెక్క కట్టండి: ఒక డీజిలు ఆటో రోజుకు 5 లీటర్లు తాగుతుంది. నెలకు 26 రోజులు తిరుగుతుంది. లీటరుకు ఒక రూపాయి సెస్సు చొప్పున నెలకు ఎంత? ఏడాదికి ఎంత? మీ ఊరి ఆటోలన్నిటికీ కలిపి ఎంత?