పరిచయంలో కులగోత్రాలు కాదు, మీ ఇంటి కథ చెప్పండి

కొత్త ఉద్యోగంలో చేరగానే క్యాంటీన్‌లో ఎవరో ఒకరు అడుగుతారు: ‘మీదే ఊరు? ఇంట్లో ఎవరెవరుంటారు?’ చాలామంది ఇంటర్వ్యూ కోసం బట్టీపట్టిన జవాబే అప్పజెబుతారు: ‘నాన్న రైతు, అమ్మ గృహిణి, ఒక తమ్ముడు.’ అందులో వివరాలున్నాయి, మనిషి లేడు.

‘మా తాతయ్య ఊరు శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోయింది. కొత్తచోట అన్నీ మొదట్నుంచి మొదలుపెట్టారు. అందుకే మా ఇంట్లో ఎవరైనా చదువు మానేస్తానంటే ఒప్పుకోరు’ అని చెప్పి చూడండి. మీ పట్టుదల ఎక్కడిదో ఎదుటివారికి మూడు వాక్యాల్లో అర్థమవుతుంది. అమ్మ బీడీలు చుట్టి బీటెక్ చదివించిందని చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన పనిలేదు. అది మీ ఇంటి కష్టార్జితం.

ఇలా ఇంటి కథ పంచుకోవాల్సిన అవసరం పెద్ద సంస్థల్లోనూ ఉంది. హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల 2014లో మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు. తొలినాళ్లలో జరిగిన ఒక సమావేశంలో సీనియర్ నాయకులు తమ ఇళ్ల గురించి, తమను నడిపించే విలువల గురించి ఒకరితో ఒకరు మనసు విప్పి మాట్లాడుకున్నారని 2017లో వచ్చిన ‘హిట్ రిఫ్రెష్’ పుస్తకంలో ఆయన రాశారు. కొడుకు జైన్‌ను పెంచడం తనకు సహానుభూతి నేర్పిందనీ అందులో చెప్పుకొన్నారు.

ఇలా మొదలుపెట్టండి

- ఒకే సంఘటన ఎంచుకోండి. నిమిషంలో ముగించండి.
- దాన్నుంచి మీకు అబ్బిన గుణాన్ని చివర్లో చెప్పండి.
- అప్పులు, జబ్బులు, ఇంటి తగాదాలు తొలి పరిచయంలో వద్దు. ఇంట్లోవాళ్లు ఇష్టపడని విషయాలు ఎప్పుడూ వద్దు.
- మీరు ఎంతసేపు చెప్పారో అంతసేపూ వినండి. అవతలివారు చెప్పకపోతే గుచ్చిగుచ్చి అడగకండి.

ఈ గీత దాటొద్దు

మన దగ్గర ఊరు, ఇంటిపేరు అడగడం చాలాసార్లు కులం ఆరా తీయడానికే. ఆ ప్రశ్న ఎదురైనవారికి ఆఫీసు పరాయిదైపోతుంది. మీరు ఆ పని చేయకండి. మిమ్మల్ని అడిగితే, ‘మావాళ్లు చేసిన పని గురించి చెబుతా’ అంటూ మాట మళ్లించండి. పూర్వీకుల గొప్పలు ఎదుటివారిని దూరం చేస్తాయి. వాళ్లు పడ్డ శ్రమ, నేర్చుకున్న పాఠం దగ్గర చేస్తాయి.

ఈ ఆదివారం నానమ్మనో తాతయ్యనో కూర్చోబెట్టి అడగండి: ‘మీ మొదటి సంపాదన ఎంత? దాంతో ఏం చేశారు?’ జవాబు రాసిపెట్టుకోండి. సోమవారం సహోద్యోగితో టీ తాగేటప్పుడు అది చెప్పి, వాళ్లింటి సంగతీ అడగండి.