పెద్దప్రేగు కేన్సర్ - జన్యువుల సాక్ష్యం

ఇద్దరు రోగులున్నారనుకుందాం. ఇద్దరిదీ పెద్దప్రేగు కేన్సరే. ఇద్దరికీ వ్యాధి రెండవ దశలోనే ఉంది. అంటే కణితి ప్రేగు గోడలోకి లోతుగా చొచ్చుకుపోయింది గాని, దగ్గరి లింఫు గ్రంథులకు పాకలేదు. ఇద్దరికీ ఆపరేషన్ బాగానే జరిగింది. ఒకరు ఆ తరువాత ఎన్నో ఏళ్లు హాయిగా జీవిస్తారు. మరొకరికి మూడేళ్లు తిరగకముందే వ్యాధి తిరగబెడుతుంది. ఈ తేడాను ముందుగానే పసిగట్టడం ఎట్లా? వైద్యులను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న ఇది.

ప్రశ్న చిన్నదేమీ కాదు. ఆపరేషన్ తరువాత కీమోథెరపీ ఇవ్వాలంటే రోగి శరీరం బాధపడుతుంది, ఇంటి ఖర్చు పెరుగుతుంది. రెండవ దశ రోగుల్లో ఎక్కువమందికి ఆపరేషనే సరిపోతుంది. మందు ఎవరికి అవసరమో తెలిస్తే మిగిలినవారికి ఆ బాధ తప్పుతుంది.

జన్యు వ్యక్తీకరణ అంటే ఏమిటి?

మన శరీరంలోని దాదాపు అన్ని కణాల్లోనూ ఉండేది ఒకే జన్యు సంపద. ప్రోటీన్లను తయారుచేయించే జన్యువులే సుమారు 20,000. మరి కంటి కణం వేరు, ప్రేగు కణం వేరు ఎందుకయ్యాయి? పోచారం ప్రాజెక్టు నిండా నీళ్లున్నా, తూము ఎత్తితేనే గదా కాల్వ పారేది! జన్యువుల సంగతీ అంతే. పనిచేసే జన్యువు నుండి ఆర్.ఎన్.ఏ. అనే నకలు తయారవుతుంది, ఆ నకలును బట్టి ప్రోటీన్ తయారవుతుంది. ఆర్.ఎన్.ఏ. ఎంత ఉందో కొలిస్తే ఏ తూము ఎంత తెరిచి ఉందో తెలుస్తుంది. దీనినే జన్యు వ్యక్తీకరణ అంటారు.

కేన్సర్ కణంలో ఈ తూముల అదుపు తప్పుతుంది. పెద్దప్రేగు కేన్సర్లలో ఎక్కువ భాగం ఏ.పి.సి. అనే జన్యువు చెడిపోయి, కణ విభజనను ప్రేరేపించే 'వింట్' మార్గం మూతపడకుండా ఉండిపోతుంది.

కొలత ఏం చెప్పింది?

కణితిలోని 12 జన్యువులను కొలిచే పరీక్ష ఒకటి వచ్చింది. వాటిలో 7 కేన్సర్‌కు సంబంధించినవి. మిగిలిన 5 తూకపురాళ్ల వంటివి, పోల్చి చూసుకోవడానికి. రెండవ దశ రోగుల కణితులపై దీనిని పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించారు. మూడేళ్లలో వ్యాధి తిరగబెట్టే అవకాశం తక్కువ ప్రమాదం గలవారిలో 12 శాతం, మధ్యరకంలో 18 శాతం, ఎక్కువ ప్రమాదం గలవారిలో 22 శాతం అని తేలింది.

ఇక్కడొక సంగతి గమనించాలి. తేడా ఉన్నమాట నిజమే గాని, అది నలుపు తెలుపుల తేడా కాదు. పైగా వ్యాధి తిరగబెడుతుందా అనేది ఒక ప్రశ్న, మందు పనిచేస్తుందా అనేది వేరొక ప్రశ్న. ఈ పరీక్ష మొదటిదానికి కొంత జవాబిచ్చింది, రెండవదానికి ఇవ్వలేకపోయింది. వాన వస్తుందని తెలిసినంత మాత్రాన చేతిలో గొడుగు ఉన్నట్టు కాదు గదా!

2015లో పలు దేశాల శాస్త్రజ్ఞులు కలిసి, 4,000 మందికి పైగా రోగుల సమాచారాన్ని పరిశీలించి, జన్యు వ్యక్తీకరణను బట్టి ఈ కేన్సర్‌ను నాలుగు తెగలుగా విభజించారు. నాలుగవ తెగ వారిలో వ్యాధి తిరగబెట్టడం ఎక్కువని గుర్తించారు.

మన హైదరాబాదులో

హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి. శాస్త్రజ్ఞుల పరిశోధన ఈ సందర్భంలో చెప్పుకోదగినది. మన దేశంలో చిన్న వయసులోనే వచ్చే మలాశయ కేన్సర్లలో చాలావాటిలో వింట్ మార్గం తెరుచుకోనే లేదని 2014లో వారు చూపారు. అటువంటి కణితుల్లో కాల్షియంతో ముడిపడిన వేరొక మార్గం చురుకుగా ఉందని 2018లో తెలిపారు. పరాయి దేశపు రోగులపై తయారైన కొలబద్ద మన రోగులకు సరిపోతుందో లేదో మనమే పరీక్షించి చూసుకోవాలని దీనివల్ల తెలుస్తోంది.

జన్యు పరీక్షలు ఎన్ని వచ్చినా నేటికీ మొదటి కొలబద్ద వ్యాధి దశే. అది రోగి ఎంత త్వరగా వచ్చాడన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. మలంలో రక్తం కనబడితే మొలలేనని సరిపెట్టుకుని నెలలు గడిపేవారు మన ఊళ్లలో ఎందరో! వయసు చిన్నదైనా సరే, అది డాక్టరుకు చూపించుకోవలసిన లక్షణమే. ఈ మాటను ఇంటింటికీ చేర్చడం చదువుకున్న మన బాధ్యత. సైన్సు విద్యార్థులకైతే ఇంకొక బాధ్యత కూడా ఉంది. మన రోగులకు తగిన కొలబద్దను తయారుచేసే పని ఇంకా మిగిలే ఉంది.