వైద్యశాలల దప్తరములు – వాని సంరక్షణము

వైద్యుడు రోగికి మందిచ్చుటకు పూర్వము తెలిసికొనవలసిన సంగతులు పెక్కులు గలవు. ఇతనికి లోగడ వచ్చిన వ్యాధు లెవ్వి? ఏ మందు పడదు? రక్త మే వర్గమునకు జెందినది? క్రిందటి పరీక్షలలో నేమి తేలినది? స్పృహతప్పి పడియున్న రోగి వీనికి ప్రత్యుత్తర మీయజాలడు. అతనికి బదులుగా వైద్యశాలయందలి దప్తరమే మాటలాడవలెను. కావున నది నశించినయెడల రోగికి నోరు లేకుండ బోవును.

పూర్వము ఈ దప్తరములు కాగితములపై వ్రాయబడి బీరువాలలో నుండెడివి. చెదలు, నీరు, నిప్పు వానికి శత్రువులు. నేడు పెద్ద వైద్యశాలలలో నవి కంప్యూటరులయందు భద్రపఱుపబడుచున్నవి. వీనికి క్రొత్త శత్రు వొకటి బయలుదేరినది. దానిని రాన్సమ్‌వేర్ అందురు. రాన్సమ్ అనగా చెఱ విడిపించుటకు చెల్లించు పైకము. ఈ దుష్ట ప్రోగ్రాము కంప్యూటరులో బ్రవేశించి, అందలి ఫైళ్లను రహస్యలిపిలోనికి మార్చివేయును. ఫైళ్లు ఉన్నచోటనే యుండును గాని చదువుటకు వీలుండదు. వానిని విప్పు తాళపుచెవి దొంగచేతిలో నుండును. పైకము చెల్లించిన జెవి నిత్తునని వాడు చెప్పును.

చెవి దొరకినంతమాత్రమున కష్టము తీఱునా? ఐర్లండు దేశమున జరిగిన వృత్తాంతమును జూడుడు. 2021 మార్చి 18 న అచ్చటి ప్రభుత్వ ఆరోగ్యసేవా సంస్థయందలి యొక కంప్యూటరులో, ఈమెయిలుతో వచ్చిన మోసపు ఎక్సెల్ ఫైలు తెఱువబడెను. ఆ దారిని లోన జొచ్చిన దొంగలు ఎనిమిది వారములు పొంచియుండి, మే 14 న ఫైళ్లకు తాళము వేసిరి. సంస్థవారు తమ కంప్యూటరు వ్యవస్థల నన్నిటిని నిలిపివేయవలసివచ్చెను. వైద్యులు మఱల కలము, కాగితము చేపట్టిరి. ప్రభుత్వము పైకము చెల్లింప నిరాకరించెను. మే 20 న దొంగలే చెవిని ఉచితముగా నిచ్చిరి. అయినను సర్వరు లన్నియు విప్పబడుటకు సెప్టెంబరు నెల వచ్చెను. ధనము పోయకయే చెవి దొరకినవారి గతియే యిట్లున్నప్పుడు, దొంగమాటపై నాధారపడుట యెంతటి యవివేకమో తెలియగలదు.

మన దేశమునను ఇట్టి యాపద సంభవించినది. 2022 నవంబరు 23 న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థపై దాడి జరిగెను. అయిదు సర్వరులలో సుమారు 1.3 టెరాబైట్ల సమాచారము రహస్యలిపిగా మాఱిపోయెను. టెరాబైటు అనగా లక్షకోట్ల బైట్లు. రోగుల నమోదు మొదలుకొని పరీక్షాఫలితములవఱకు చేతివ్రాతతో జరుపవలసివచ్చెను. అయితే దాడికి లోనుగాని బ్యాకప్పు సర్వ రొకటి మిగిలియుండెను. ఆ సంస్థలో రోగుల వ్యవహారములు చూచు ఈ-హాస్పిటల్ సమాచార మంతయు దానినుండి తీసి, క్రొత్త సర్వరులలో నెక్కించినట్లు ప్రభుత్వము లోక్‌సభకు దెలిపినది. రెండు వారములకు ముఖ్యకార్యములు మఱల సాగినవి. అచ్చట రోగుల దప్తరమును నిలిపినది ఆ వేఱు ప్రతియే.

అట్లని ప్రతి తీసియుంచిన జాలునా? ఒక విద్యార్థి తన నోటుపుస్తకమునకు నకలు వ్రాసి, రెంటిని ఒకే సంచిలో నుంచెను. సంచి కాలువలో బడినచో నకలువలన నేమి ప్రయోజనము? కంప్యూటరులకు నిదియే న్యాయము. కావున నెఱిగినవా రీ క్రింది నియమములు చెప్పుదురు.

మొదటిది: మూలముతో గూడ మూడు ప్రతు లుండవలెను, అవి రెండు విధములైన సాధనములపై నుండవలెను, అందొకటి వేఱొక స్థలమున నుండవలెను.

రెండవది: ఒక ప్రతియైనను నెట్‌వర్కునుండి పూర్తిగా విడదీయబడి యుండవలెను. దొంగలు మొదట వెదకునది బ్యాకప్పునే. ఎల్లప్పుడు తగులుకొనియున్న ప్రతి మూలముతోపాటు చెడును.

మూడవది: నిన్నటి ప్రతి యొక్కటే చాలదు. ఐర్లండున దొంగలు ఎనిమిది వారములు లోననే యుండిరి గదా. కావున వారములు, నెలలు గడచిన పాత ప్రతులను గూడ నుంచవలెను.

నాలుగవది: ప్రతులను వైద్యశాలవారే రహస్యలిపిలో నుంచి, ఆ చెవిని వేఱుగా దాచవలెను. బ్యాకప్పు నష్టమును దీర్చును గాని దొంగతనము నాపదు. ఐర్లండున రోగుల సమాచారము కొంత దొంగలపాలయ్యెను. రోగి వైద్యునితో జెప్పుకొన్న గుట్టు ఒకసారి బయటపడినచో, ఏ ప్రతియు దానిని మఱల దాచజాలదు.

అయిదవది అన్నిటికంటె ముఖ్యము. ఎక్కువగా మఱువబడునదియు నిదియే. ప్రతిని అప్పుడప్పుడు వేఱొక కంప్యూటరులో నెక్కించి, సరిగా తెఱచుకొనుచున్నదా, ఎంత కాలము పట్టుచున్నదని పరీక్షింపవలెను. మొలకెత్తునో లేదో చూడక దాచిన విత్తనమును నమ్మి ఏ రైతు పొలము దున్నును? పరీక్షింపని ప్రతియు నట్టిదే.

విద్యార్థులారా! మీలో కొందఱు ముందుముందు వైద్యులు, నర్సులు, గుమాస్తాలు కాగలరు. అనుమానమైన ఈమెయిలును తెఱవకుండుట, పాస్‌వర్డు నితరులకు జెప్పకుండుట, వారమువారము ప్రతి తీసి వేఱుగా నుంచుట చిన్నపనులుగా దోచవచ్చును. వీనిని జేసినవానిని ఎవ్వరును పొగడరు. కాని అర్ధరాత్రమున స్పృహలేక వచ్చిన రోగికి ఏ మందు పడదో వైద్యుడు తెలిసికొనగలిగినచో, ఆ ప్రాణము నిలుచుటలో నీ చిన్నపనికిని భాగము కలదు.