చీకటి గదిలో ఇప్పచెట్టు
(ఫోటో, వీడియోల మీద ఒక పాఠం)

పిల్లలూ!

పోయిన శనివారం మధ్యాహ్నం ఎనిమిదో తరగతి గదిలోంచి వచ్చిన కేకలు మీరందరూ వినే ఉంటారు. "సైన్సు సారు దయ్యాన్ని చూపిస్తున్నాడంట" అని ఆరో తరగతి వాళ్లు పరిగెత్తుకొచ్చారు కూడా. దయ్యమూ లేదు, గియ్యమూ లేదు. కిటికీలన్నీ మూసి, సందులకు గోనె సంచులూ దుప్పట్లూ అడ్డం కట్టాం. ఒక కిటికీకి అట్ట బిగించి, దానికి చూపుడు వేలు పట్టేంత కన్నం పెట్టాం. అంతే! కళ్లు చీకటికి అలవాటు పడ్డాక ఎదురు గోడ మీద మన ఆవరణలోని ఇప్పచెట్టు కనబడింది. రంగులతో సహా కనబడింది. ఆకులు ఊగుతున్నాయి. కాకపోతే చెట్టు తలకిందులుగా ఉంది. వంట అక్క బిందె నెత్తిన పెట్టుకొని అటుగా పోతే, ఆమె కాళ్లు పైకి, బిందె కిందికి!

"సార్, కరెంటు లేకుండా టీవీ ఎట్లొచ్చింది?" అని ఒకడు అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబే ఈ పాఠం.

తలకిందులు ఎందుకు?

వెలుతురు తిన్నగా పోతుంది. చెట్టు కొన నుంచి వచ్చే వెలుతురు కన్నంలో దూరి తిన్నగా పోతే గోడ కిందిభాగాన పడుతుంది. చెట్టు మొదలు నుంచి వచ్చే వెలుతురు గోడ పైభాగాన పడుతుంది. అందుకే బొమ్మ తిరగబడింది. పక్కన తొమ్మిదో తరగతి వాళ్లు గీసిన పటం చూడండి, తెలిసిపోతుంది.

ఈ వింత మీకు కొత్త కాదు. చెట్టు కింద కూర్చున్నప్పుడు ఆకుల సందుల్లోంచి నేల మీద గుండ్రటి వెలుతురు చుక్కలు పడతాయి కదా. ఆకుల సందులు గుండ్రంగా ఉండవు. మరి చుక్కలు గుండ్రంగా ఎందుకున్నాయి? అవి సూర్యుడి బొమ్మలు కాబట్టి! సూర్యగ్రహణం పట్టినప్పుడు చూడండి, ఆ చుక్కలన్నీ కొడవలి ఆకారంలోకి మారిపోతాయి. దాదాపు 1000 ఏళ్ల కిందట ఇబ్న్ అల్ హైతమ్ అనే అరబ్బు శాస్త్రవేత్త చీకటి గదులతో, కన్నాలతో ప్రయోగాలు చేసి ఈ సంగతులన్నీ రాసిపెట్టాడు.

చేసి చూడండి: సుద్దముక్కల ఖాళీ అట్టపెట్టె తీసుకోండి. ఒక పక్క మధ్యలో సూదితో ఒకే ఒక్క కన్నం పొడవండి. ఎదురు పక్కను కోసేసి, కొబ్బరినూనె రాసిన తెల్లకాగితం అతికించండి. నెత్తి మీంచి దుప్పటి కప్పుకొని, కన్నాన్ని ఎండలో ఉన్న చెట్టువైపు పెట్టి కాగితాన్ని చూడండి. కన్నం పెద్దదైతే వెలుతురు ఎక్కువ, బొమ్మ మసక. కన్నం చిన్నదైతే బొమ్మ తేట, వెలుతురు తక్కువ. సూర్యుడివైపు మాత్రం పెట్టొద్దు.

బొమ్మను పట్టి ఉంచిందెవరు?

గోడ మీద బొమ్మ పడుతుంది గానీ కిటికీ తెరిస్తే పోతుంది. దాన్ని పట్టి ఉంచడానికి మనుషులకు వందల ఏళ్లు పట్టింది. ఫ్రాన్సు దేశంలో నియెప్స్ అనే ఆయన 1826, 1827 ప్రాంతంలో తన కిటికీలోంచి కనబడే ఇళ్ల కప్పులను ఒక లోహపు పలక మీద పట్టాడు. దానికి గంటల కొద్దీ వెలుతురు కావలసి వచ్చింది. 1839లో అదే దేశపు డాగేర్ పద్ధతి లోకానికి తెలిసింది. వెండి లవణాలు వెలుతురు తగిలితే మారిపోతాయి. ఫిలిం రోలు పనిచేసేది ఆ గుణం మీదనే. ఇప్పటి ఫోనులో ఫిలిం ఉండదు. వెలుతురును విద్యుత్తుగా మార్చే చిన్న పలక ఉంటుంది. కానీ చీకటి పెట్టె, ముందు కన్నం, వెనక తలకిందుల బొమ్మ - ఈ మూడూ మారలేదు.

ఇదంతా పెద్దపెద్దవాళ్ల పని అనుకోకండి. లాలా దీన్‌దయాళ్ ప్రభుత్వ పనుల శాఖలో పటాలు గీసే ఉద్యోగి. 1874లో సరదాగా కెమెరా పట్టాడు. తర్వాత సికిందరాబాదులో స్టూడియో పెట్టి, ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. సరదా ఎక్కడి దాకా తీసుకుపోతుందో ఎవరికి తెలుసు?

నా సరదా నన్ను ఎక్కడికి తీసుకుపోయిందో ఇప్పుడు చెప్తాను. ఇందులో నా తప్పు కూడా ఉంది.

ఖాళీ రోలు

1996 ఎండాకాలం. నేను ఇంటర్ చదువుతున్నాను. మా బావ దగ్గర ఒక చిన్న ఫిలిం కెమెరా ఉండేది. బతిమాలి తెచ్చుకున్నాను. కిందటేడు తునికాకు కోసిన డబ్బుల్లో మిగిలినవి పెట్టి ఒక రోలు కొన్నాను. రోలుకు 36 ఫోటోలు. మా ఊళ్లో ఒక అవ్వ ఉండేది. ఆమె కోయ భాషలోనే మాట్లాడేది, నేను తెలుగులో రాస్తున్నాను. తెల్లారకముందే అడవికి పోయి, చెట్ల కింద రాలిన ఇప్పపూలు గంపకెత్తేది. ఆమె వెంట రెండు రోజులు తిరిగి 36 ఫోటోలూ తీసేశాను. ఊరంతా "బొమ్మలెప్పుడొస్తయి?" అని ఎదురుచూసింది.

స్టూడియోకి పోతే ఆయన రోలు కడిగి, దీపానికి ఎదురుగా పట్టి చూపించాడు. మొదటి నుంచి చివరి దాకా ఖాళీ! "ఫిలిం కొన చుట్టకు దొరకలేదు తమ్ముడూ. నువ్వు తిప్పినవు గానీ ఫిలిం కదల్లేదు" అన్నాడు.

ఊరికి వచ్చి ఏం చెప్పాలి? సిగ్గేసింది. "స్టూడియో వాళ్లు పాడుచేశారు" అని చెప్పేశాను. ఒక్క మాట! అది ఊరంతా పాకింది. నెల తిరక్కుండా ఆ స్టూడియో ఆయన పెళ్లి వీడియో తీయడానికి మా ఊరికే వచ్చాడు. ఆడవాళ్లు చుట్టూ చేరి "మా అవ్వ బొమ్మలు కాలబెట్టినవంట గదయ్యా" అని గట్టిగా అడిగారు. ఆయన నావైపు చూశాడు. నేను తలొంచుకున్నాను. ఆయన ఏమీ అనలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే అవ్వ దగ్గరికి పోయి నిజం చెప్పాను. ఆమె పూలు ఆరబోస్తూ వింది. "ముందు పోయి వాడితో చెప్పు. తర్వాత నా బొమ్మ తియ్యి" అన్నది.

పోయి చెప్పాను. ఆయన తిట్టలేదు. పాత రోలొకటి నా చేతికిచ్చి పదిసార్లు ఎక్కించమన్నాడు, పదిసార్లు తీయమన్నాడు. ఆ రోజు నేర్చుకున్నది: ఫిలిం కొనను చుట్ట గాడిలో పెట్టాలి, పళ్లు కన్నాల్లో కూర్చున్నాయా చూడాలి, మూత వేసి తిప్పేటప్పుడు ఎడమవైపు గుండీ కూడా తిరుగుతుందా అని గమనించాలి. అది తిరిగితేనే ఫిలిం కదులుతున్నట్టు. ఆ చిన్న గుండీని ఒక్కసారి చూసి ఉంటే అన్ని అబద్ధాలు ఆడేవాణ్ణి కాదు.

మొకం కంటే నెత్తి పెద్దది

మళ్లీ రోలు కొని మళ్లీ పోయాను. ఈసారి చీకట్లో తీయలేదు. ఎండ ఏటవాలుగా పడే పొద్దుటి పూట తీశాను. ఇది గుర్తుపెట్టుకోండి: మిట్టమధ్యాహ్నం తీస్తే కళ్ల గుంటల్లో నీడ పడి మొకం నల్లగా వస్తుంది. ఉదయం, సాయంత్రం వెలుతురు పక్కనుంచి వచ్చి ముడతలు కూడా చక్కగా చూపిస్తుంది.

ఫోటోలు వచ్చాయి. ఒకటి తెచ్చి అవ్వ చేతిలో పెట్టాను. చాలాసేపు చూసింది. "ఇదేంది బిడ్డా? మొకం కంటే నెత్తి పెద్దగుంది. నన్ను నేలకు అతికించినవు" అన్నది.

నిజమే! ఆమె కూర్చొని పూలు ఏరుతుంటే నేను నిలబడి తీశాను. పైనుంచి చూస్తే మనిషి పొట్టిగా, ఒదిగిపోయినట్టు కనబడుతుంది. ఈసారి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. కెమెరాను ఆమె కళ్ల ఎత్తున పెట్టాను. వెనక కొండ వచ్చింది, ముందు గంప వచ్చింది, మధ్యలో ఆమె నవ్వు వచ్చింది. ఆ ఫోటోను ఆమె రేకుపెట్టెలో కాగితాల మధ్య దాచుకుంది.

పొయ్యి దగ్గరి మనిషి

ఆ స్టూడియో ఆయనే నన్ను పెళ్లి వీడియోలకు సాయంగా తీసుకుపోవడం మొదలుపెట్టాడు. అప్పట్లో వీడియో కెమెరా భుజాన మోసేంత బరువు. అందులో పెద్ద క్యాసెట్టు. నా పని లైటు పట్టుకోవడం. వైరు పొడుగు చాలదు, కరెంటు పోతుంది, లైటు వేడికి పురుగులన్నీ నా మొకం మీదే! రెండేళ్లకు కెమెరా నా చేతికిచ్చాడు.

నేను తీసిన మొదటి పెళ్లి క్యాసెట్టును టీవీ అద్దెకు తెచ్చి ఊరంతా చూశారు. డోలు దెబ్బలు, మగపెళ్లివారు, చదివింపులు అన్నీ ఉన్నాయి. అయిపోయాక పెళ్లికూతురు తల్లి నెమ్మదిగా అడిగింది: "నేను యాడున్న అయ్యా?" వెనక్కి తిప్పి చూశాం. ఎక్కడా లేదు. పెళ్లంతా ఆమె పొయ్యి దగ్గర ఉంది. నేను పొయ్యి దగ్గరికి పోలేదు. ఆ తర్వాత ఏ పెళ్లికి పోయినా మొదటి షాటు పొయ్యి దగ్గరే తీశాను.

వీడియో అంటే ఏమిటో కూడా ఇక్కడే చెప్తాను. మన టీవీ పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు. నిమిషానికి 1500. ఒకదాని వెనక ఒకటి వేగంగా వస్తే కన్ను వాటిని కదలికగా చూస్తుంది. అందుకని కెమెరాను ఊపాల్సిన పనిలేదు, ఎదుటివాళ్లే కదులుతారు. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, మనసులో పది లెక్కపెట్టేదాకా కదలకుండా ఉండండి.

సంఘం షాటు

ఇదంతా నాకొక్కడికే తట్టిందనుకునేవాణ్ణి. తర్వాత తెలిసింది, జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు నాకంటే ఎంతో ముందుకు పోయారని. వాళ్లలో చాలామంది బడి మొకం చూడనివాళ్లు, కూలి చేసుకున్నవాళ్లు. వీడియో నేర్చుకొని 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టు పెట్టుకున్నారు. బీటీ పత్తి వేసిన వరంగల్ రైతుల గోడు మీద వాళ్లు 2003లో తీసిన సినిమా దేశాలు దాటి పోయింది. షాట్లకు వాళ్లు పెట్టుకున్న పేర్లు చూడండి. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసే షాట్లకు పటేలు పేరూ బానిస పేరూ పెట్టారు. కళ్లకు కళ్లు సమానంగా కలిసే షాటు ఉంది చూశారా, దాన్ని 'సంఘం షాటు' అన్నారు. సంఘంలో అందరూ ఒకే ఎత్తున కూర్చుంటారు కాబట్టి! మా అవ్వ చెప్పింది కూడా అదే.

మన సంగతి ఆలోచించండి. 1941లో హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త మన గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగి వాళ్ల బతుకును పరిశీలించాడు, ఫోటోలు తీశాడు. 1945లో పుస్తకం వేశాడు. ఆయన ఫోటోలు లండన్‌లో సోయాస్ అనే విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. ఆయన తీయకపోతే ఆనాటి ముఖాలు మనకు మిగిలేవి కావు. అది మేలే. కానీ ఆ ఫోటోల్లోని తాతల మనవళ్లు ఎందరు వాటిని చూశారు? పోలవరం ముంపుతో ఆ ఒడ్డున కొన్ని ఊళ్లు ఖాళీ అయిపోయాయి. ఊరు కదిలినప్పుడు ఇల్లు వెంట రాదు, చెట్టు వెంట రాదు. ఫోటో వస్తుంది, అది మన చేతిలో ఉంటే!

మూడు మాటలు

ఒకటి, అడిగి తీయండి. వేల్పుల దగ్గర, కొలుపుల దగ్గర పెద్దలు వద్దంటే వద్దే. "ఎందుకు వద్దు?" అని కూడా అనొద్దు.

రెండు, తీసింది ఇవ్వండి. ఫోను పగిలితే వెయ్యి ఫోటోలు ఒక్కసారే పోతాయి. కాగితం మీద వేయించి వాళ్ల చేతిలో పెట్టండి. చెదలు, తడి తగలకుండా దాచమని చెప్పండి.

మూడు, వెనక పేరు రాయండి. ఎవరు, ఏ ఊరు, ఏ తేదీ, ఏం చేస్తున్నారు. పేరు లేని ఫోటో పదేళ్లకు ఎవరిదో తెలియకుండా పోతుంది.

అభ్యాసం

"హాస్టల్లో ఫోన్లు లేవు కదా సార్" అంటారేమో. అక్కర్లేదు. పాత పోస్టుకార్డు మధ్యలో 3 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు కిటికీ కోయండి. ఒక కన్ను మూసి దానిలోంచి చూడండి. అదే మీ కెమెరా.

1. వంట అక్కను నిలబడి, వంగి, ఆమెతో సమానంగా కూర్చొని - మూడు రకాలుగా చూడండి. ఏం మారింది? నాలుగు వాక్యాలు రాయండి.

2. మన ప్రార్థన సమావేశంలో ఎప్పుడూ చట్రంలోకి రాని మనిషి ఎవరు? వెతకండి.

3. దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక పెద్దమనిషిని అడిగి ఒక్క ఫోటో తీయండి. ఒక్కటే! ఇంట్లో ఫోను లేకపోతే ఎదురుగా కూర్చొని పెన్సిలుతో బొమ్మ గీయండి. వెనక పేరు రాసి, వాళ్లకు చూపించి, "పెట్టమంటారా?" అని అడిగి తీసుకురండి.

ఈ గోడకు కుడిపక్కన చార్టు సగం ఖాళీగా ఉంచాం. అది మీరు తెచ్చేవాటి కోసం.

- మీ సైన్సు సారు