18 మీటర్ల లోతుకు దారి

అండమాన్ వెళ్లొచ్చిన వాళ్ల ఫోన్లలో ఒక వీడియో దాదాపు తప్పకుండా ఉంటుంది. నీలం నీళ్లు, చుట్టూ చేపలు, మధ్యలో నల్ల సూటు వేసుకుని చేతులూపుతున్న మనవాడు. వెనక ట్యాంకు పట్టుకుని నడిపిస్తున్న మనిషి మాత్రం సగమే కనిపిస్తాడు. దాన్ని ట్రై డైవ్ అంటారు. ఈత రాకపోయినా తీసుకెళ్తారు. 12 మీటర్ల లోతు దాటనివ్వరు. జాకెట్‌లోకి గాలి నింపడం, తీయడం, ఎప్పుడు పైకి రావాలో చూడటం అన్నీ ఆ వెనకున్న మనిషి పనులే. సరదాకి అది చాలు. కానీ మర్నాడు ఒంటరిగా ట్యాంకు చేతికిస్తే ఏం చేయాలో ఆ వీడియోలోని మనిషికి తెలియదు.

తన గాలి తానే చూసుకుంటూ, జతగా దిగిన వాడికి ఆసరాగా ఉంటూ సముద్రంలో తిరగాలంటే కోర్సు చేయాలి, కార్డు తెచ్చుకోవాలి. కార్డుకు మూడు నాలుగు రోజులు చాలు. ఆ కార్డు అనుమతించే లోతుకు తగిన మనిషి కావడానికి మాత్రం చాలాకాలం పడుతుంది. నీటి కింద చాలా ప్రమాదాల మూలం తొందరే. నేర్చుకోవడంలోనూ అంతే.

ఇల్లు కదలకముందు

ముందు ఈత. ఓపెన్ వాటర్ అనే మొదటి కోర్సులో 200 మీటర్లు ఆగకుండా ఈదాలి. టైము పెట్టరు, ఏ పద్ధతిలో ఈదినా సరే. తర్వాత దేన్నీ పట్టుకోకుండా 10 నిమిషాలు నీటి మీద తేలాలి. మీ ఊళ్లో కొలను ఉంటే బయల్దేరే ముందే ఈ రెండూ చేసి చూసుకోండి. సముద్రం దాకా వెళ్లి ఈ పరీక్షలో చిక్కుకుంటే సెలవులూ డబ్బులూ వృథా.

తర్వాత ఆరోగ్య పత్రం. ఆస్తమా, గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్, సైనస్ బాధ లాంటివి ఉన్నాయా అని అడుగుతుంది. అవునని రాయాల్సి వస్తే డాక్టరు సంతకం కావాలి. పని జరిగితే చాలని అన్నిటికీ ‘లేదు’ అని గీసేయకండి. ఆ కాగితం అడిగేది మీ ఊపిరితిత్తుల గురించి. గర్భిణులు డైవింగ్ చేయకూడదు. జలుబు చేసిన రోజు ఎంత అనుభవం ఉన్నా నీళ్లలోకి దిగకూడదు. ముక్కు తెరుచుకోవడానికి మాత్ర వేసుకుని దిగితే, దాని ప్రభావం లోతులో ఉండగానే తగ్గిపోయి, పైకి వచ్చేటప్పుడు చెవుల్లో గాలి చిక్కుకుంటుంది.

వయసు పదేళ్లు నిండితే జూనియర్ కార్డు, పదిహేను నిండితే పూర్తి కార్డు. కళ్లజోడు ఉన్నవాళ్లు దిగులు పడనక్కర్లేదు, పవర్ అద్దాల మాస్కులు దొరుకుతాయి.

ఎక్కడ, ఎవరి దగ్గర

మన దేశంలో నేర్చుకోవడానికి ఎక్కువమంది వెళ్లేది అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవికి. 2018లో దాని పేరు స్వరాజ్ ద్వీప్ అని మార్చారు. హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లు విమానంలో శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) చేరి, అక్కణ్ణుంచి ఫెర్రీ ఎక్కుతారు. నీళ్లు వెచ్చగా, స్పష్టంగా ఉంటాయి. లోతు తక్కువ చోట పగడపు దిబ్బలుంటాయి. లక్షద్వీప్, కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి, గోవా, పుదుచ్చేరి కూడా ఉన్నాయి. విశాఖలో రుషికొండ దగ్గర కూడా డైవింగ్ చేయించేవాళ్లున్నారు. కాకపోతే బంగాళాఖాతం తీరం దగ్గర నీళ్లు మసకగా ఉండే రోజులెక్కువ. వర్షాకాలం అన్నిచోట్లా ఇబ్బందే. అండమాన్‌కు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మంచి కాలం.

కార్డు ఇచ్చే సంస్థల్లో మన దగ్గర బాగా వినిపించేవి రెండు: 1966లో అమెరికాలో మొదలైన పాడీ, 1970లో మొదలైన ఎస్ఎస్ఐ. ఏది చేసినా ప్రపంచమంతా చెల్లుతుంది. కాబట్టి సంస్థ పేరు కంటే ఇన్‌స్ట్రక్టర్ ఎవరన్నది ముఖ్యం. డబ్బు కట్టే ముందు కొన్ని ప్రశ్నలు అడగండి. ఒక ఇన్‌స్ట్రక్టర్ కింద ఎంతమంది ఉంటారు? పడవలో ఆక్సిజన్ కిట్ ఉంటుందా? దగ్గర్లో రీకంప్రెషన్ చాంబర్ (ఒత్తిడి పెంచి చికిత్స చేసే గది) ఎక్కడుంది? నాకు ఒక విద్య రాకపోతే ఇంకో రోజు నేర్పుతారా? ఈ చివరి ప్రశ్నకు నీళ్లు నమిలితే ఇంకో షాపు చూసుకోవడం మంచిది.

మొదటి మెట్టు: పుస్తకం

పాఠాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే ఉంటాయి, ఇంట్లోనే చదువుకుని వెళ్లొచ్చు. చివర చిన్న పరీక్ష. ఇందులో ప్రాణానికి సంబంధించిన లెక్క ఒకటుంది.

నీటి మీద మన చుట్టూ ఉన్న ఒత్తిడి 1 బార్. సముద్రంలో ప్రతి 10 మీటర్లకూ ఇంకో బార్ కలుస్తుంది. 10 మీటర్ల దగ్గర నిండుగా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెట్టింపు జాగా అడుగుతుంది. నోరు మూసుకుని ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఆ జాగా కోసం ఊపిరితిత్తులు చిరిగిపోతాయి. అంత లోతు కూడా అక్కర్లేదు, నిండా పీల్చిన ఊపిరితో ఒకటి రెండు మీటర్లు లేచినా ప్రమాదమే. అందుకే స్కూబాలో మొదటి సూత్రం: ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు.

రెండో సూత్రం నెమ్మదిగా పైకి రావడం. లోతులో ఉన్నంతసేపూ నత్రజని రక్తంలో, కండరాల్లో కరుగుతూ ఉంటుంది. ఒక్కసారిగా పైకి వస్తే బుడగలు కట్టి కీళ్లనొప్పుల నుంచి పక్షవాతం దాకా తెస్తుంది. నిమిషానికి 9 మీటర్లు మించని వేగంతో లేస్తూ, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగుతారు. దీన్నే సేఫ్టీ స్టాప్ అంటారు.

రెండో మెట్టు: లోతు తక్కువ నీళ్లు

కొలనులోనో, ఛాతీ లోతు సముద్రంలోనో మోకాళ్ల మీద కూర్చోబెట్టి నేర్పుతారు. నోట్లోంచి జారిన, గాలి అందించే రెగ్యులేటర్‌ను చేయి చుట్టూ తిప్పి వెతికి పట్టుకోవడం, తోటివాడి రెండో రెగ్యులేటర్‌తో గాలి పంచుకోవడం, మునగడానికి కట్టుకున్న బరువులు విప్పి మళ్లీ కట్టుకోవడం. వీటన్నిట్లో ఎక్కువమంది తడబడేది మాస్కు దగ్గర.

ఇన్‌స్ట్రక్టర్ సైగ చేయగానే రెండు వేళ్లతో మాస్కు పై అంచు కాస్త ఎత్తాలి. చల్లటి నీళ్లు కళ్ల దాకా, ముక్కు దాకా వచ్చేస్తాయి. నోట్లో రెగ్యులేటర్ ఉంది, గాలికి లోటు లేదు. అయినా ముక్కుకు నీళ్లు తగలగానే మనసు ‘పైకి పో’ అంటుంది. ఆ క్షణంలో నిలబడటమే విద్య. నోటితో ఒక నిండు ఊపిరి తీసుకోవాలి, మాస్కు పై అంచును నుదుటికి నొక్కిపట్టాలి, తల కొద్దిగా పైకెత్తి ముక్కుతో నిదానంగా గాలి వదలాలి. నీళ్లు కింది అంచు నుంచి బయటికి పోతాయి. తర్వాత మాస్కు పూర్తిగా తీసేసి, కళ్లు మూసుకుని ఒక నిమిషం ఊపిరి పీల్చి, మళ్లీ పెట్టుకోమంటారు. ఒకసారి వచ్చింది కదా అని వదిలేయకండి. విసుగు పుట్టేదాకా చేయండి. విసుగు పుట్టిందంటే భయం పోయినట్టే.

సైగల్లో మనకు ఒక చిక్కుంది. బొటనవేలు పైకెత్తితే మన వాడుకలో ‘సూపర్’ అని. నీటి కింద దాని అర్థం ‘పైకి వెళ్దాం పద’. బాగున్నానని చెప్పాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి.

మూడో మెట్టు: నాలుగు డైవులు

కార్డుకు సముద్రంలో నాలుగు డైవులు కావాలి, అవి కనీసం రెండు రోజుల మీద జరగాలి. మొదటి రెండూ 12 మీటర్ల లోపు, తర్వాతివి 18 లోపు.

దిగేటప్పుడు బాధంతా చెవుల్లోనే. మొదటి 10 మీటర్లలోనే ఒత్తిడి రెట్టింపవుతుంది కాబట్టి నొప్పి రాకముందే ముక్కు పట్టుకుని మెల్లగా గాలి ఊదాలి. చెవులు తెరుచుకోకపోతే ఒక మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి. గట్టిగా ఊదితే కర్ణభేరికి ముప్పు. అందరూ కిందికి వెళ్లిపోతున్నారని కంగారు పడొద్దు, ఇన్‌స్ట్రక్టర్ ఆగుతాడు, ఆగాలి కూడా.

హేవ్‌లాక్‌లో కొత్తవాళ్లను చాలాసార్లు నీమో రీఫ్ దగ్గరే దింపుతారు. ఒడ్డు నుంచే నడిచి దిగొచ్చు, అలజడి తక్కువ. పగడాన్ని ముట్టుకోకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలకు రక్షణ ఉంది. ఎండిపోయిన ముక్క సంచిలో వేసుకొచ్చినా నేరమే.

తిరుగు ప్రయాణం కూడా ఇప్పుడే లెక్కలోకి రావాలి. రోజుల తరబడి వరసగా డైవులు చేసినవాళ్లు ఆఖరి డైవుకూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉంచుకోవాలి. హైదరాబాద్ టికెట్ కొనేటప్పుడు చివరి రోజు ఖాళీగా వదిలేస్తే సరి.

నాలుగో మెట్టు: కార్డు వచ్చాక

కార్డు 18 మీటర్ల దాకా అనుమతిస్తుంది. లైసెన్స్ వచ్చిన రోజే ఎవరూ బండి ఘాట్ రోడ్డెక్కించరు. ఇక్కడా అంతే. లోతుల మీద మనసు పెట్టకుండా 10, 12 మీటర్ల దగ్గరే కొన్ని డైవులు చేస్తే అసలు విద్య పట్టుబడుతుంది. దానికి బాయెన్సీ అని పేరు. మునగకుండా, తేలకుండా ఉన్నచోటే నిలవడం.

అది బరువుల దగ్గర మొదలవుతుంది. నీటి మీద జాకెట్‌లో గాలంతా తీసేసి, మామూలు ఊపిరి పట్టుకుని చూడండి. నీటిమట్టం కళ్ల దగ్గర ఆగాలి. ఊపిరి వదిలితే తల మునగాలి. నిండు ట్యాంకుతో ఇలా చూస్తే రెండు కిలోలు కలుపుకోవాలి, ఎందుకంటే ట్యాంకులోని గాలికీ బరువుంది. డైవు చివరికి ట్యాంకు దాదాపు రెండు కిలోలు తేలికవుతుంది, ఆ బరువు కలపకపోతే 5 మీటర్ల దగ్గర నిలబడలేక పైకి తేలిపోతారు. కొత్తవాళ్లు భయంతో బరువు ఎక్కువే కట్టుకుంటారు. మునిగిపోతుంటే జాకెట్‌లో గాలి నింపుతారు, లేస్తుంటే తీస్తారు, ఆ తంటాతోనే ట్యాంకు ఖాళీ చేస్తారు.

ఎంత తేడా వస్తుందో చూడండి. మామూలు అల్యూమినియం ట్యాంకు 11 లీటర్లది, 200 బార్ నింపుతారు. 50 బార్ మిగిల్చి పైకి రావాలి కాబట్టి వాడుకోదగ్గ గాలి 1,650 లీటర్లు. నీటి మీద నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 18 మీటర్ల దగ్గర 2.8 రెట్లు, అంటే 56 లీటర్లు వాడతాడు. అరగంటలో అయిపోతుంది. స్థిమితపడి 14 లీటర్లకు దించుకున్నవాడికి అదే ట్యాంకు 40 నిమిషాలు దాటి వస్తుంది. అందుకే ప్రతి డైవు తర్వాత లాగ్ బుక్‌లో లోతు, సమయం, కట్టుకున్న బరువు, మొదట ఎంత గాలి, చివర ఎంత గాలి తప్పకుండా రాయండి. చూసిన చేపల పేర్లు తర్వాత.

సామాను కొనడంలోనూ తొందరొద్దు. మొదట మాస్కు. పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీలిస్తే, చేయి వదిలినా జారకుండా ఉన్నదే మీ మాస్కు. రెండోది లోతు, సమయం చూపే డైవ్ కంప్యూటర్. మిగతావి అద్దెకు దొరుకుతాయి. ఆరు నెలలో, ఏడాదో గ్యాప్ వస్తే రిఫ్రెషర్ చేసి దిగండి, చిన్నతనం ఏమీ లేదు.

అయిదో మెట్టు: 30 మీటర్లు, ఆ తర్వాత

అడ్వాన్స్‌డ్ కోర్సులో అయిదు డైవులుంటాయి. లోతు డైవు, దిక్సూచితో దారి పట్టడం తప్పనిసరి, మిగతా మూడూ మీ ఇష్టం. ఓపెన్ వాటర్ అయిన మర్నాడే చేసుకోవచ్చని షాపులు చెబుతాయి. నిబంధన ప్రకారం తప్పు లేదు. నా మాట వింటే మధ్యలో ఓ పది, ఇరవై డైవులు చేసి వెళ్లండి. 30 మీటర్ల దగ్గర నత్రజని మత్తులా పనిచేసి తలను మందగింపజేస్తుంది. అక్కడ ఉండగలిగే సమయమూ కుదించుకుపోతుంది: పాడీ పట్టిక ప్రకారం మొదటి డైవులో 18 మీటర్ల దగ్గర 56 నిమిషాలు ఉండొచ్చు, 30 దగ్గర 20 మాత్రమే. బరువులతో ఇంకా కుస్తీ పడుతున్న మనిషికి అది చోటు కాదు. అండమాన్‌లో డిక్సన్స్ పినాకిల్, జానీస్ గోర్జ్ లాంటి పేరున్న చోట్లు ఇలాంటి లోతుల్లోనే ఉన్నాయి, ప్రవాహం కూడా ఉంటుంది.

నైట్రాక్స్ కోర్సు చిన్నదే కానీ పనికొస్తుంది. ఆక్సిజన్ 32 శాతం ఉన్న గాలి వాడితే నత్రజని తక్కువగా కరుగుతుంది, నీళ్లలో ఎక్కువసేపు ఉండొచ్చు. అయితే దానితో 33 మీటర్లు దాటకూడదు, అంతకు మించితే ఆక్సిజనే విషమవుతుంది.

అందరూ చేయాల్సిన కోర్సు మాత్రం రెస్క్యూ డైవర్. ముందుగా ప్రథమ చికిత్స, సీపీఆర్ శిక్షణ కావాలి. ఎదుటివాడి కళ్లలో, ఊపిరి బుడగల్లో కంగారు ఎలా పసిగట్టాలో, అలసిపోయిన వాణ్ణి పడవ దాకా ఎలా లాక్కురావాలో నేర్పుతారు. అప్పటిదాకా మన గాలి గేజీ మాత్రమే చూసుకున్న మనం పక్కవాడి గేజీ కూడా చూడటం మొదలుపెడతాం. ఆ పైన డైవ్‌మాస్టర్ ఉంది, అది ఉద్యోగానికి వెళ్లేవాళ్ల దారి. 18 ఏళ్లు నిండాలి, చేరేనాటికి 40 డైవులు, పూర్తయ్యేనాటికి 60 ఉండాలి.

వెళ్లాలనుకుంటే ఈ వారం చేయాల్సిన పనులు మూడే. కొలనులో 200 మీటర్లు ఈది చూడండి. ఆరోగ్య పత్రం నిజాయితీగా నింపి, అవసరమైతే డాక్టరుకు చూపించండి. సెలవు పెట్టేటప్పుడు కోర్సు రోజులకు తోడు, కార్డు చేతికొచ్చాక నాలుగైదు డైవులకు సరిపడా రోజులు కూడా కలిపి అడగండి. ఆ రోజులు మిగుల్చుకోకుండా కార్డు ఒక్కటే తెచ్చుకోవడం డబ్బు దండగ.