రంగు చూసి తెచ్చుకోకండి

నూజివీడు తోటల మధ్య చదువుకునేవాళ్లకి చెప్పక్కర్లేదు: కార్బైడ్ పెట్టిన మామిడి పైకి పసుపుగా మెరుస్తుంది, కోస్తే పులుపే. అందుకే మనవాళ్లు తొడిమ దగ్గర వాసన చూస్తారు, ఏ తోట కాయో అడుగుతారు. ప్రాజెక్టులోకి ప్యాకేజీ తెచ్చేటప్పుడు మాత్రం గిట్‌హబ్ స్టార్లు చూసి సరిపెట్టుకుంటాం.

2018లో ఏమైందో చూడండి. ఈవెంట్-స్ట్రీమ్ అనే ఎన్‌పీఎం ప్యాకేజీకి వారానికి లక్షల డౌన్‌లోడ్లు. రాసినాయనకి ఆసక్తి తగ్గి, అడిగిన ఓ అపరిచితుడికి అప్పగించేశాడు. ఆ కొత్త మనిషి ఫ్లాట్‌మ్యాప్-స్ట్రీమ్ అనే డిపెండెన్సీ కలిపాడు. కోపే వాలెట్ల నుంచి బిట్‌కాయిన్లు కాజేసే కోడ్ అందులో దాగి ఉంది. పేరు పాతదే, స్టార్లూ పాతవే. తోట చేతులు మారింది.

కాబట్టి ఇన్‌స్టాల్ కొట్టే ముందు ఐదు ప్రశ్నలు:

1. ఇప్పుడు ఎవరు చూసుకుంటున్నారు? ఒక్కరేనా? ఈమధ్య మారారా?
2. చివరి రిలీజ్ ఎప్పుడు? ఇష్యూలకు జవాబులు వస్తున్నాయా?
3. వెంట ఎన్ని డిపెండెన్సీలు వస్తున్నాయి?
4. లైసెన్స్ ఉందా? లేకపోతే కోడ్ కనిపించినా వాడుకునే హక్కు మనకి లేనట్టే.
5. అసలు అవసరమా? 2016లో 11 లైన్ల లెఫ్ట్-ప్యాడ్‌ని దాని రచయిత తీసేస్తే ప్రపంచమంతా బిల్డ్‌లు ఆగిపోయాయి. అంత చిన్నదైతే మనమే రాసుకోవచ్చు.

ఎంచుకున్నాక లాక్ ఫైల్‌ని కూడా కమిట్ చేయండి; కొత్త వెర్షన్ చెప్పాపెట్టకుండా లోపలికి రాదు. రివ్యూలో "ఈ ప్యాకేజీ ఎందుకు?" అని అడిగితే "స్టార్లు ఎక్కువ సార్" అన్నది జవాబు కాదు.