బర్సీమ్ – షఫ్తల్: ఒకే ప్రజాతిలోని రెండు జాతులు

క్లోవర్ మొక్కలన్నీ చిక్కుడు కుటుంబంలోని ట్రైఫోలియం ప్రజాతికి చెందినవి. ఈ పేరునకు మూడాకులది అని అర్థము. వీటిలో బర్సీమ్, షఫ్తల్ అను పేర్లు ఉర్దూ చదివిన మన విద్యార్థులకు కొత్త కాకపోవచ్చును. మొక్కలను చూచి వేరుపరచగలవారు మాత్రము అరుదు. బర్సీమ్ శాస్త్రీయ నామము ట్రైఫోలియం అలెగ్జాండ్రినం. షఫ్తల్ ట్రైఫోలియం రెసుపినేటం.

రెండును ఏకవార్షికములే, శీతకాలపు పశుగ్రాసములే. రెండింటి వేరు బుడిపెలలోను రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని స్థాపించును. క్రోమోజోముల సంఖ్య సైతము రెండింటను 16. కనుక పూతకు రాని మొక్కను చేతబట్టి జాతిని నిర్ణయింపబూనుట సాహసమే.

పూత వచ్చిన పిదప సందేహమునకు తావు లేదు. బర్సీమ్ గుచ్ఛము మీగడవలె తెలుపు, షఫ్తల్ గులాబి. అయితే రంగు పైపై భేదము మాత్రమే. చిక్కుడు పువ్వులో ధ్వజము పైన, ద్రోణి క్రింద ఉండుట ప్రయోగశాలలో అందరము చూచినదే. షఫ్తల్ పువ్వు మెలిదిరిగి తలక్రిందులగును. ధ్వజము క్రిందికి వచ్చును. రెసుపినేటం అనగా వెల్లకిల తిరిగినదని అర్థము.

అసలు భేదము కాయలో ఉన్నది. ఫలదీకరణము తరువాత షఫ్తల్ రక్షకపత్రావళి నూగుతో కూడిన తిత్తివలె ఉబ్బును. లోపలి గింజతోసహా ఆ తేలికైన తిత్తిని గాలి మోసుకొనిపోవును. మధ్యధరా తీరమునుండి ఇరాన్ వరకు ఈ మొక్క నేటికీ అడవిగా పెరుగుచున్నది. బర్సీమ్‌కు అట్టి తిత్తి లేదు. అది సాగులోనే గాని అడవిలో కానరాదు. మనిషి గింజ సేకరించి చల్లవలసినదే. ఈజిప్టునుండి 1904లో అది సింధుకు వచ్చినది కూడ మనిషి చేతిమీదుగనే. చలి కొద్దికాలమే ఉండు మన దక్కనులో పంజాబులోవలె అన్ని కోతల నీయదు.

మనిషి సంచిలో ప్రయాణించు గింజకు తోడు ప్రయాణికులును ఉందురు. బర్సీమ్ విత్తనములో కాస్నీ గింజ తరచు కలియును. యునానీ వైద్యులు ఆదరించు ఆ కాస్నీయే ఇచ్చట కలుపు! విత్తనమును నూటికి పది పాళ్ళ ఉప్పునీటిలో పోసినచో తేలికైన కాస్నీ పైకి తేలును. దానిని తీసివేసి, అడుగున నిలిచిన బర్సీమ్ గింజలను మంచినీట కడిగి విత్తుదురు.